ఆర్.కె. పురంలో లేని బ్రాంచి

మహేష్ నేల మీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లో రక్తం గడ్డకట్టింది.

గురువారం. సాయంత్రం నాలుగూ ఇరవై.

ఢిల్లీ జియా సరాయ్‌లో నాలుగో అంతస్తు గది అది. రెండు మంచాలు, ఒకే కుర్చీ, గోడ నిండా సివిల్స్ చార్టులు. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. కింద సందులో జిరాక్స్ షాపు ముందు కుర్రాళ్ళు గుంపుగా నిలబడి పైకి చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టర్ హరిప్రియ గుమ్మం దగ్గరే ఆగి గదంతా ఒకసారి చూసింది. ఆమెది పద్నాలుగేళ్ళ సర్వీసు. తండ్రి తెలుగువాడు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. చనిపోయింది తెలుగువాడని తెలిస్తే స్టేషన్‌లో అందరూ ఆమె వైపే చూస్తారు.

పోటు ఒక్కటే. పొట్టలో, ఎడమ పక్క, లోతుగా. కత్తి లేదు.

మంచం మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. పక్కనే ఫోన్. ఏదీ పోలేదు. పెనుగులాట జరిగిన గుర్తులూ లేవు. కుర్చీ మంచానికి ఎదురుగా వేసి ఉంది. కుర్చీ పక్కన నేల మీద పింగాణీ కప్పు. సగం టీ మిగిలింది. మంచం కింద స్టీలు గ్లాసు. అందులోనూ టీ. అప్పుడే విప్పిన బిస్కెట్ పాకెట్.

"ఉన్న ఒక్క కుర్చీ, ఉన్న ఒక్క మంచి కప్పు వచ్చినవాళ్ళకి ఇచ్చాడు. తను గ్లాసుతో మంచం మీద కూర్చున్నాడు" అంది హరిప్రియ.

హెడ్ కానిస్టేబుల్ దశరథ్ తల ఊపాడు. హర్యానా మనిషి. ఆమెతో ఆరేళ్ళు పనిచేసి తెలుగు అర్థం చేసుకోవడం నేర్చాడు. జవాబు మాత్రం హిందీలోనే. "మెహ్మాన్ థా, మేడమ్‌జీ."

"అవును. గౌరవించాల్సిన అతిథి."

శవాన్ని మొదట చూసినవాడు రూమ్మేట్ గోపీకృష్ణ. అనంతపురం కుర్రాడు. సివిల్స్ మూడో అటెంప్ట్. మెట్ల మీద కూర్చుని వణుకుతున్నాడు.

"నువ్వు ఎప్పుడు వచ్చావు?"

"నాలుగు గంటలప్పుడు మేడమ్. లైబ్రరీ నుంచి వస్తి. తలుపు తెరిచే ఉండె."

"మహేష్ ఏం చేసేవాడు?"

"ముందు నా మాదిరే సివిల్స్. రెండుసార్లు పోయింది. ఈ జనవరి నుంచి సాకేత్‌లో ఒక క్లినిక్ ఆఫీసులో ఎస్ఈవో పని. గూగుల్‌లో వాళ్ళ వెబ్‌సైట్ పైకి వచ్చేట్టు చేసే పని. ఎనిమిది రోజుల కింద మానేసినాడు."

"ఎందుకు?"

"ఓనర్‌తో గొడవ. సైట్‌లో అబద్ధం పేజీలు ఉండాయంట. తీసేయాలన్నాడు. ఆయప్ప వద్దన్నాడు. ఆ పేజీ పోయేదాకా నేను వదలనురా అని రోజూ అంటాండె."

"ఏ పేజీ?"

గోపీకృష్ణ తల అడ్డంగా ఊపాడు. "నేను పట్టించుకోలేదు మేడమ్. ప్రిలిమ్స్ దగ్గరికొచ్చె."

ఆ పేజీని దశరథ్ తన ఫోన్‌లో పట్టుకున్నాడు. క్లినిక్ పేరు ప్రాణదీప్ ఎమర్జెన్సీ కేర్. 'ప్రాణదీప్, ఆర్.కె. పురం బ్రాంచి. ఇరవై నాలుగు గంటల ఎమర్జెన్సీ.' ఆక్సిజన్ మాస్కు పెట్టిన పసిపిల్ల బొమ్మ. కింద నాలుగూ పాయింట్ ఎనిమిది స్టార్లు. అన్నిటికన్నా కింద ఒక ఫోటో, ఒక పేరు.

రచన: మహేష్.

హరిప్రియ ఆ పేజీని రెండుసార్లు చదివింది. ఆర్.కె. పురంలో ప్రతి సందూ ఆమెకు తెలుసు. అక్కడ ప్రాణదీప్ బ్రాంచి లేదు.

"మేడమ్‌జీ" అన్నాడు దశరథ్ మెల్లగా. "వో బచ్చీ వాలా కేస్."

ఆమెకు గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం. ఆరేళ్ళ పిల్ల. ఉబ్బసం. తల్లితో ఆర్.కె. పురంలో ఎవరింటికో వచ్చింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. తల్లి ఫోన్‌లో దగ్గరలో ఎమర్జెన్సీ ఎక్కడని వెతికింది. మొదట వచ్చింది ఈ పేజీ. ఆటో ఎక్కి మ్యాప్ చూపించిన చోటికి వెళ్ళింది. మార్కెట్ వెనక మూసిన షట్టర్. బోర్డు లేదు. పేజీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. 'డాక్టర్ దారిలో ఉన్నారు, అక్కడే ఉండండి' అన్నారు. పావుగంట తర్వాత 'సాకేత్ వచ్చేయండి' అన్నారు.

పిల్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆటోలో పోయింది. ఆ షట్టర్‌కి ఐదు నిమిషాల దూరంలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది.

పిల్ల పేరు సహస్ర. తండ్రి హవల్దార్ మాణిక్యం. శ్రీకాకుళం జిల్లా. ఢిల్లీ కంటోన్మెంట్‌లో పోస్టింగ్. ఆ రోజు అతను యూనిట్‌తో రాజస్థాన్‌లో ఉన్నాడు. తల్లి సీత ఫిర్యాదు ఇస్తే, వెబ్‌సైట్‌లో తప్పుంటే కన్జ్యూమర్ కోర్టుకి వెళ్ళమని చెప్పి పంపేశారు. ఆ మాట అన్నది హరిప్రియ స్టేషన్ కాదు. అయినా ఆమెకి నోరు చేదైంది.

* * *

సాయంత్రం ఆరున్నరకు ఆమె సాకేత్‌లో ఉంది. మాల్ ఎదురు భవనంలో కింద క్లినిక్, పైన ఆఫీసు. గుమ్మంలో సెక్యూరిటీ గార్డు ప్రతి బ్యాగూ తెరిపించి చూస్తున్నాడు.

యజమాని రఘురామ్ నలభై ఐదేళ్ళవాడు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు. డాక్టరు కాదు. వ్యాపారి. మంచినీళ్ళు తెప్పించాడు.

"మహేష్ గురించి విన్నాను. వెరీ సాడ్ అండి. ఆవేశం ఎక్కువ గానీ కుర్రాడు మంచివాడే."

"ఎందుకు మానేశాడు?"

"నేనే తీసేశాను. ఎస్ఈవోలో బ్లాక్ హ్యాట్ అంటారండి. దొడ్డిదారి పనులు. నాకు తెలియకుండా ఏవేవో పేజీలు పెట్టేశాడు. ఆ పాప విషయం తెలిశాక నాకు నిద్ర లేదు."

"ఆ పేజీ ఇంకా ఉంది."

"తీయిస్తున్నామండి. టెక్నికల్‌గా టైం పడుతుంది."

"పాప తల్లిదండ్రులు మీ దగ్గరికి వచ్చారా?"

"లేదండి." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వస్తే కాళ్ళు పట్టుకునేవాణ్ణి."

గాజు గోడ అవతల ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. స్క్రీన్ వైపు చూస్తోంది గానీ వేళ్ళు కదలడం లేదు. హరిప్రియ బయటికి వస్తూ ఆమె బల్ల మీద తన నంబరు పెట్టింది. అమ్మాయి తలెత్తలేదు. కాగితాన్ని మాత్రం అరచేత్తో కప్పేసింది.

* * *

శుక్రవారం ఉదయం పది గంటలకు హవల్దార్ మాణిక్యం తనంత తానే స్టేషన్‌కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. కత్తిరించిన మీసం. బల్ల ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"మహేష్‌ని సంపింది నానే మేడమ్ గారు. రాసుకోండి."

"కూర్చోండి హవల్దార్ గారూ."

"నిలబడతాను."

"ఎలా వెళ్ళారు?"

"బస్సులో. మెట్లెక్కాను. తలుపు కొట్టాను. తీశాడు. గుమ్మంలోనే పొడిచాను."

"ఎన్ని పోట్లు?"

"మూడు. నాలుగేమో. కోపంలో లెక్కెట్టలేదు."

"టీ బాగుందా?"

"ఏటి?"

"మహేష్ పెట్టిన టీ."

మాణిక్యం ముఖంలో రంగు పోయింది. అతనికి ఏమీ తెలియదని ఆమెకు అర్థమైంది. ఎవరికి తెలుసో కూడా అర్థమైంది.

"మీరు గదిలోకి అడుగే పెట్టలేదు. పోటు ఒక్కటే. నిన్న మధ్యాహ్నం సీత గారు ఎక్కడికి వెళ్ళారు?"

అతను గోడ వైపే చూశాడు. అటెన్షన్‌లోనే ఉన్నాడు.

"ఆవిడ చెప్పిందా మీకు?"

"రాత్రి అన్నం ఎట్టి సెప్పింది" అన్నాడు చివరికి. "నాను తిన్నాక."

కంటోన్మెంట్ క్వార్టర్‌లో వంటింటి తలుపు తెరిచే ఉంది. సీత నేల మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. యూనిఫాం చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"సీత గారూ, ఆ కత్తి కింద పెట్టండి."

ఆమె కత్తి వైపు చూసింది. తర్వాత హరిప్రియ వైపు.

"ఇదేనండి" అంది. "కడిగేశాను."

* * *

కప్పు మీద వేలిముద్రలు సీతవే. కత్తి పిడి చీలికలో మిగిలిన రక్తం మహేష్ గ్రూపే. మధ్యాహ్నం మూడు లోపే అన్నీ తేలాయి.

"కేస్ ఖతమ్" అన్నాడు దశరథ్. పత్రికలవాళ్ళు అప్పటికే బయట కాచుకుని ఉన్నారు. పిల్లను చంపిన పేజీ, పేజీ రాసినవాణ్ణి చంపిన తల్లి. వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి.

హరిప్రియ మాత్రం లాకప్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మహేష్ ఇల్లు మీకెలా తెలిసింది?"

"సాకేత్ ఆఫీసు సారు సెప్పారు."

"రఘురామ్ గారా? ఎప్పుడు?"

"సోమవారం. నాను ఆయన్నే పొడుద్దామని ఎళ్ళాను. గేటు కాడ గార్డు బ్యాగులో కత్తి సూసి లాక్కెళ్ళి ఆయనకి ఇచ్చేసినాడు. పోలీసుల్ని పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. కుర్చీ ఏసి కూకోబెట్టారు. నాకంటే ముందే ఏడ్చారు."

"ఏమన్నారు?"

"నాకేటీ తెలీదమ్మా, ఆ పేజీ సేసినవాడు మహేషని ఒకడు, పనిలోంచి తీసేశానన్నారు. కావాలంటే రేపు సూడు, పేజీలో ఆడి పేరే ఉంటాది అన్నారు. ఇల్లు ఎక్కడో కాగితం మీద గీసి ఇచ్చారు. మద్దేనం ఒక్కడే ఉంటాడని కూడా సెప్పారు."

"కత్తి?"

"నా బ్యాగులో తిరిగి ఎట్టారు. కూరల కత్తి కదమ్మా, ఇంటికి తీసుకెళ్ళు అన్నారు."

హరిప్రియ కుర్చీలోంచి లేచింది.

'రేపు సూడు.' ఆ మాట దగ్గరే ఆమె ఆగింది. పేరు ముందునుంచీ పేజీలో ఉంటే అప్పుడే తన ఫోన్‌లో చూపించవచ్చు. రేపటిదాకా ఎందుకు?

తన గదిలోకి వెళ్ళి పేజీ మళ్ళీ తెరిచింది. ఈసారి ఫోటో చూడలేదు. పేరు చూడలేదు. పేరు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న తేదీ చూసింది.

అప్పుడు ఫోన్ మోగింది.

"మ్యామ్, నేను వీణ. ప్రాణదీప్‌లో చూశారు కదా. తెలుగు పూరా రాదు, బట్ ఐ విల్ ట్రై. కలవచ్చా?"

* * *

శనివారం ఉదయం పదకొండు. స్టేషన్ పైగదిలో పొడవాటి బల్ల. ఒక చివర సీత, పక్కన మహిళా కానిస్టేబుల్. ఎదురుగా మాణిక్యం. మధ్యలో వీణ, సెక్యూరిటీ గార్డు. రెండో చివర రఘురామ్. సాక్షిగా స్టేట్‌మెంట్ ఇమ్మంటే వచ్చాడు. తెల్ల చొక్కా. ముఖంలో విషాదం.

"ఎక్కువసేపు ఉంచను" అంది హరిప్రియ. "రఘురామ్ గారూ, ఈ పేజీ రాసింది ఎవరు?"

"మహేషండి. పేరుంది కదా."

"పేరు కింద తేదీ చదవండి."

అతను ప్రింటవుట్ దగ్గరికి లాక్కున్నాడు. చదవడానికి కొంత టైం తీసుకున్నాడు.

"రెండేళ్ళ క్రితం ఆగస్టు పన్నెండు" అంది ఆమె, అతను చెప్పకముందే. "మహేష్ మీ దగ్గర చేరింది ఈ సంవత్సరం జనవరిలో. రెండేళ్ళ క్రితం అతను జియా సరాయ్‌లో పరీక్షకి చదువుకుంటున్నాడు. మీ ఆఫీసు ఎక్కడుందో కూడా అతనికి తెలియదు. అందరం పేరు చూశాం, ఫోటో చూశాం. తేదీ ఎవరమూ చూడలేదు."

రఘురామ్ కుర్చీలో సర్దుకున్నాడు. "టెక్నికల్ మిస్టేక్ అయి ఉంటుందండి."

"పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఆర్కైవ్‌లు ఉంటాయి. పోయిన నెల కాపీ తీయించాం. ఇదే పేజీ, ఇదే తేదీ. రచన దగ్గర ఒక డాక్టర్ ఫోటో ఉంది. తెల్ల కోటు, చిరునవ్వు. అలాంటి డాక్టర్ ఎక్కడా లేడు. కొనుక్కున్న ఫోటో. వీణా, పేరు ఎప్పుడు మారింది?"

వీణ ఢిల్లీలోనే పుట్టిన పిల్ల. ఇరవై నాలుగేళ్ళు. బల్ల వైపే చూస్తూ మాట్లాడింది.

"మండే ఈవెనింగ్. సార్ తన లాగిన్‌తో తనే మార్చారు. మహేష్ ఐడీ కార్డ్ ఫోటో నన్ను అడిగి తీసుకున్నారు. క్యోఁ, ఎందుకు అని అడగలేదు నేను."

"ఆర్.కె. పురం బ్రాంచి లాంటివి సైట్‌లో ఎన్ని ఉన్నాయి?"

"సిక్స్టీ టూ. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, హర్ ఏరియాకి ఒకటి. రియల్‌గా ఉన్నది సాకేత్ ఒక్కటే. పేజీల కింద తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. మనిషికి కనబడవు. గూగుల్ చదువుతుంది. ఎమర్జెన్సీ, ఆక్సిజన్, నియర్ మీ, చైల్డ్ నాట్ బ్రీతింగ్. ఎవరు భయంతో ఏం టైప్ చేసినా మేమే ఫస్ట్ వస్తాం."

"స్టార్లు?"

"రివ్యూలు మేమే రాస్తాం. ఆర్.కె. పురానివి నేను రాశాను."

సీత మొదటిసారి తలెత్తింది.

"ఆటోలో సదివాను" అంది. "మా పాపకి ఊపిరి ఆడకపోతే పది నిమిషాల్లో బతికించారని ఒకావిడ రాసింది. అది సదివే దగ్గరున్న పెద్దాసుపత్రికి పోదామన్న ఆటో అబ్బాయిని కాదన్నాను. అది నువ్వా?"

వీణ తల ఊపింది. క్షమాపణ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"ఏ తల్లీ కాదా?"

"కాదు దీదీ. లంచ్ టైమ్‌లో రాశాను."

మాణిక్యం రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు.

హరిప్రియ కొనసాగించింది. "మహేష్ చేరిన మూడో నెలలో పాప చనిపోయింది. పేపర్లో చదివి పేజీ తీసేయమన్నాడు. మీరు ఒప్పుకోలేదు. ఒకటి తీస్తే అరవై రెండూ తీయాలి, ఫోన్లు ఆగిపోతాయన్నారు. అది వీణ విన్నది. అతను మానేశాడు. మానేసి ఇంట్లో కూర్చోలేదు. ఆ బ్రాంచి అబద్ధమని, పిల్ల చనిపోయిందని సెర్చ్ కంపెనీకి తొమ్మిది ఫిర్యాదులు పంపాడు. అతని లాప్‌టాప్‌లో ఉన్నాయి. తల్లి కేసు వేస్తే తను సాక్ష్యం చెబుతానని మీకే మెసేజ్ పెట్టాడు. పోయిన ఆదివారం. అదీ ఉంది."

ఆమె ఆ మెసేజ్ ప్రింటు రఘురామ్ ముందు పెట్టింది.

"సోమవారం ఆ తల్లి కత్తితో మీ ముందుకి వచ్చింది. సాక్షి ఒక పక్క, ఫిర్యాదుదారు ఒక పక్క. ఇద్దరినీ ఒకళ్ళ మీదకి ఒకళ్ళని తోశారు. అతను శవమవుతాడు. ఆవిడ జైలుకి పోతుంది. మీ చేతికి రక్తం అంటదు."

రఘురామ్ నెమ్మదిగా ఊపిరి వదిలాడు. విషాదం ముఖం మీద నుంచి పోయింది. దాని కింద చిరాకు ఉంది.

"మేడమ్, ఒకళ్ళ అడ్రస్ చెప్పడం నేరమా?"

"మొన్న ఆవిడ మీ దగ్గరికి రానేలేదన్నారు."

అతను ప్రింటవుట్‌ను పక్కకు నెట్టాడు.

"అడ్రస్ చెప్పడం నేరం కాదు. చంపడానికి వచ్చిన మనిషికి తప్పుడు పేరు చూపించి, ఇల్లు గీసిచ్చి, ఒంటరిగా ఎప్పుడుంటాడో చెప్పి, కత్తి తిరిగి బ్యాగులో పెట్టడం నేరం." ఆమె గార్డు వైపు తిరిగింది. "భయ్యా, కత్తి ఏమైంది?"

గార్డు లేచి నిలబడ్డాడు. "సాబ్ ఖుద్ తనే బ్యాగులో వాపస్ పెట్టారు, మేడమ్. నేను పోలీసుల్ని పిలుద్దామన్నాను. చుప్ రహో అన్నారు."

దశరథ్ రఘురామ్ వెనకకి వెళ్ళి నిలబడ్డాడు.

"హత్యకి ప్రేరేపణ. సాక్ష్యాలు తారుమారు. పాప విషయంలో కేసు విడిగా ఉంటుంది" అంది హరిప్రియ. "లేవండి."

రఘురామ్ లేచాడు. తలుపు దగ్గర ఆగి సీత వైపు తిరిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"పొడిచింది నువ్వమ్మా. నేను కాదు."

అతన్ని తీసుకెళ్ళిపోయారు. సీత తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మాట నిజమే. అందుకే అది ఆమెలో దిగిపోయింది.

"మేడమ్ గారు" అంది కాసేపటికి. "నాను ఎవరో సెప్పగానే ఆ అబ్బాయి లేచి నిలబడ్డాడు. కూకోండక్కా అన్నాడు. టీ ఎట్టాడు. ఫోనులో పేరు సూపిస్తే తెల్లబోయాడు. ఇది నేను పెట్టలేదక్కా అన్నాడు. దొంగ మాటనుకున్నాను. అప్పటికీ సెయ్యి రాలేదు నాకు. లేచి ఎళ్ళిపోదామనుకున్నాను."

"మరి?"

"కంప్యూటర్ ఒళ్ళో ఎట్టుకుని, పాప పేరేంటక్కా అని అడిగాడు." ఆమె తన కుడిచేతి వైపు చూసుకుంది. "నా గుంటని సంపినోడికి దాని పేరు కూడా తెలీదా అనిపించింది. ఇంకేటీ కనబడలేదు."

హరిప్రియకి చెప్పకుండా ఉండాలని ఉంది. కానీ కోర్టులో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. అక్కడ, జనం మధ్య వినడం కన్నా ఇక్కడే నయం.

"పదో ఫిర్యాదు రాస్తున్నాడు సీత గారూ. చనిపోయిన పాప పేరు అన్నచోట ఖాళీగా ఉంది. మిమ్మల్ని అడిగి అక్కడ రాద్దామనుకున్నాడు."

సీత ఏడవలేదు. మాణిక్యం బల్ల చుట్టూ నడిచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె తన చేతిని దూరంగా లాక్కుంది. అది మనుషులు పట్టుకోవాల్సిన చెయ్యి కాదన్నట్టు.

* * *

మహేష్ తండ్రి సీతారామయ్య ఆదివారం పొద్దున కరీంనగర్ నుంచి వచ్చాడు. రిటైరైన బడి పంతులు. మార్చురీ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. హరిప్రియ పక్కన కూర్చుంది.

"మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదండి."

"నాకెర్క మేడమ్." ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "రైల్ల ఒక పిలగాడు సూపిచ్చిండు. మా వోని పేరు కొడితె ఏమొస్తందో సూడున్రి."

ఆమె చూసింది. 'చిన్నారిని బలిగొన్న నకిలీ పేజీ సృష్టికర్త మహేష్.' దాని కింద అదే. దాని కింద కూడా అదే. శుక్రవారం నాటి వార్తలు. పేజీలో పేరు చూసి రాసేసినవి. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎత్తి రాసుకున్నవి. ఇంగ్లీషు, హిందీ, తెలుగు. శనివారం ఆమె ప్రెస్‌కి చెప్పిన నిజం రెండో పేజీలో ఎక్కడో అడుగున ఉంది.

"గిది ఎట్ల తీపియ్యాలె మేడమ్?"

"ప్రాణదీప్ సైట్ నిన్న కోర్టు ఆర్డర్‌తో మూయించాం. ఆ పేజీ ఇక లేదు."

"గదొక్కటి పోతె ఇవన్ని పోతయా?"

పోవని ఆమెకు తెలుసు. హంతకురాలిని ఒక్క రోజులో పట్టుకుంది. చేయించినవాణ్ణి రెండో రోజు లోపల వేసింది. ఈ అక్షరాలకి సంకెళ్ళు వేయడం ఆమె వల్ల కాదు.

"ఒక్కో పేపర్‌కీ రాయాలి. వాళ్ళు దిద్దాలి. టైం పడుతుంది."

వరండా చివర వీణ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. ఎవరూ రమ్మనలేదు. పొద్దున ఏడింటికే వచ్చింది. ఒక్కో వార్తా సైట్‌కీ తన అసలు పేరుతో, పేరు మార్చింది రఘురామ్ లాగినే అని చూపే రికార్డుతో, ఆర్కైవ్ కాపీ జతచేసి రాస్తోంది. హరిప్రియ వెళ్ళి ఆమె దగ్గర నిలబడింది.

"ఎవరైనా జవాబిచ్చారా?"

"ఒక్కరు, మ్యామ్." వీణ స్క్రీన్ తిప్పి చూపించింది. "ఆ స్టోరీకి ట్రాఫిక్ బాగా వస్తోందట. ఇప్పుడు మార్చలేమన్నారు."

లోపలి నుంచి మార్చురీ మనిషి మహేష్ పేరు పిలిచాడు. సీతారామయ్య లేచి, చొక్కా సర్దుకుని, ఆ పేరుకి తానే జవాబు చెబుతూ లోపలికి నడిచాడు.